మేడ మీద రేవు: ఒక ప్రాజెక్టు డైరీ

జూలై 20

మేడ మీద గదిలో అద్దెకున్న కుర్రాళ్ళు ఉద్యోగాలు దొరికి వెళ్ళిపోయారు. మళ్ళీ 'టు లెట్' బోర్డు తగిలిద్దామని మా ఆవిడ అంటే ఆరు నెలలు గడువు అడిగాను. ఎందుకో చెప్పగానే నవ్వింది కానీ కాదనలేదు.

ముప్పై నాలుగేళ్ళు మొదట బోర్డు మీద, తర్వాత కంప్యూటర్‌లో కన్వేయర్లు (సరుకు మోసే బెల్టు యంత్రాలు) గీసి పదవీ విరమణ చేశాను. నా వాటాకు ఎప్పుడూ ఏదో ఒక ముక్కే వచ్చేది. ఒకసారి చ్యూట్ (సరుకు బెల్టు నుంచి బెల్టుకు జారే గొట్టం), ఒకసారి గ్యాలరీ (బెల్టు సాగే వంతెన), ఇంకోసారి పుల్లీ (బెల్టును తిప్పే చక్రం) కింది ఫ్రేము. వ్యాగను బోర్లపడిన దగ్గర నుంచి ఖనిజం ఓడ కడుపులోకి చేరేదాకా మొత్తాన్ని ఒక్కసారైనా నా చేతులతో నడిపి చూడాలని కోరిక. నిజం టెర్మినల్ (రేవులో ఓడకు సరుకు ఎక్కించే చోటు) నా చేతికి ఎవరూ ఇవ్వరు కాబట్టి 150వ వంతు నమూనా. అద్దాల పెట్టెలో పెట్టే బొమ్మ కాదు. ఈ పక్క పోస్తే ఆ పక్క ఓడ మునగాలి. ('దిగాలి' అనాలట. ఈ మాట సరిదిద్దింది మా మేనకోడలు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చివరి ఏడాది చదువుతోంది. మోటార్లు, తీగలు తన బాధ్యత.)

విశాఖలో ఉంటూ ఈ కోరిక పుట్టకపోతే ఆశ్చర్యపడాలి. ఈ ఊరి రేవు పుట్టిందే ఖనిజం కోసం. మధ్య పరగణాల మాంగనీసుకు సముద్రానికి దగ్గర దారి కావాలని బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో తవ్విన రేవు 1933లో తెరుచుకుంది. ఆ తర్వాత జపాన్ ఉక్కు కర్మాగారాలకు బైలదిల్లా ఇనుప ఖనిజం పంపడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి లైను వేశారు. లోపలి రేవులోకి పెద్ద ఓడలు రాలేవని 1970లలో ఔటర్ హార్బర్ కట్టారు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. డాల్ఫిన్ నోస్ వైపు సముద్రంలో రాళ్ళు పోస్తుంటే ఒడ్డున నిలబడి చూసేవాళ్ళం. 'సముద్రం ఎప్పటికి నిండుతుందిరా' అనుకునేవాళ్ళం.

8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి, పాత మంచం కోళ్ళు నాలుగు. బల్ల సిద్ధం.

జూలై 27

వారమంతా కాగితం మీదే గడిచింది.

ఊహా టెర్మినల్ సామర్థ్యం గంటకు 4,000 టన్నులు అనుకున్నాను. నాకు బాగా చేయి తిరిగిన బెల్టు 1,400 మిల్లీమీటర్లది. పక్క రోలర్లను 35 డిగ్రీలు లేపితే బెల్టు దోసిలిలా అవుతుంది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే ఖనిజం ఆక్రమించే మేర సుమారు 0.23 చదరపు మీటర్లు. వేగం సెకనుకు 2.5 మీటర్లు. పొడిలా మెత్తగా ఉండే ఇనుప ఖనిజం ఘనపు మీటరుకు 2.4 టన్నులు తూగుతుంది. అన్నీ గుణిస్తే గంటకు 4,968 టన్నులు. అయితే గిన్నె అంచుదాకా పాయసం నింపుకుని ఎవరూ వడ్డనకు బయలుదేరరు. 80 శాతం దగ్గర ఆపితే 3,974. సరిపోయింది.

70,000 టన్నులు పట్టే పనామాక్స్ అనే సైజు ఓడకు ఈ లెక్కన పదిహేడున్నర గంటలు. హోల్డు (ఓడలో సరుకు నింపే గది) నుంచి హోల్డుకు బూమ్ (సరుకు పోసే యంత్రం చేయి) మార్చడం, మధ్యలో ఆగి ఓడ ఎంత దిగిందో చూసుకోవడం, చిన్నాచితకా ఆగిపోవడాలు కలిపితే సామర్థ్యంలో 70 శాతం దక్కినా గొప్పే. అంటే 25 గంటలు. ఈ తేడాను ఒప్పందం రాసేవాళ్ళు మరిచిపోతారు, బెర్తు (ఓడ నిలిచే చోటు) మీద ఉన్నవాళ్ళు మరిచిపోలేరు.

యార్డులో లక్ష టన్నుల కుప్ప కావాలి. ఖనిజం తనంతట తాను జారి నిలిచే వాలు 37 డిగ్రీలు అనుకుంటే, 12 మీటర్ల ఎత్తు కుప్పకు అడుగున 32 మీటర్ల వెడల్పు. మీటరు పొడవుకు 460 టన్నులు. మొత్తం 217 మీటర్ల పొడవు. నా బల్ల మీద అది 8 సెంటీమీటర్ల ఎత్తున, ఒకటిన్నర మీటరుకు కాస్త తక్కువ పొడవున ఉంటుంది. 225 మీటర్ల ఓడ సరిగ్గా ఒకటిన్నర మీటరు. సరుకు 20.7 కిలోలు.

బెల్టు దగ్గర మాత్రం స్కేలుకు ద్రోహం చేశాను. 150వ వంతు అంటే 9 మిల్లీమీటర్లు. అది బెల్టు కాదు, రిబ్బను. 30 మిల్లీమీటర్లకు పెంచాను.

ఆగస్టు 3

పూర్ణా మార్కెట్‌లో కుట్టుసామాను అమ్మే దుకాణంలో 30 మిల్లీమీటర్ల నూలు నాడా దొరికింది. 'ఎన్ని లంగాలకు?' అని అడిగాడు దుకాణదారు. పది మీటర్లు అన్నాను. మారు మాట్లాడకుండా కోసి ఇచ్చాడు.

కరెంటు వైరింగ్ పైపు ముక్కలే పుల్లీలు. రెండు చివరలు ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టి అతుకు వేశాను. అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా బెల్టు ఎగిరిపడి నాలుగు గింజలు రాలేవి. అడ్డంగా వేసిన అతుకు మొత్తం ఒకేసారి పుల్లీని ఎక్కుతుంది, అదీ సంగతి. నిజమైన బెల్టుల్లో లాగా ఏటవాలుగా కోసి కుట్టాను. ఎగరడం మానింది.

తర్వాత బెల్టు పక్కకు పాకడం మొదలుపెట్టింది. నిమిషంలో పుల్లీ అంచు దాటి కిందికి జారిపోయేది. పుల్లీ నడుమ కాస్త లావుగా ఉంటే బెల్టు మధ్యలో నిలుస్తుందని డ్రాయింగుల్లో వందసార్లు రాశాను. ఇన్సులేషన్ టేపు నడుమ నాలుగు చుట్లు చుట్టాను. మెరుగైంది. ఇంకో నాలుగు చుడితే ఇంకా మెరుగవుతుందనుకున్నాను. కాలేదు. నాడా నడుమ సాగి, అంచులు వదులై తోరణంలా ఊగాయి. మళ్ళీ రెండు చుట్లు విప్పాను. ఈ మధ్యాహ్నమంతా చేసిన పని ఇదే.

ఆగస్టు 10

తప్పు నాది. దాచను.

నిజం బెల్టు సెకనుకు 2.5 మీటర్లు. స్కేలు 150. భాగిస్తే సెకనుకు 1.7 సెంటీమీటర్లు. 30 మిల్లీమీటర్ల పుల్లీకి నిమిషానికి పది చుట్లు చాలు. ఆ లెక్కన గేర్ మోటార్లు మూడు కొనిపించాను. బెల్టు తాబేలులా కదిలింది. చివరికొచ్చిన ఆవాలు (మొదటి పరీక్షలు ఆవాలతోనే) పుల్లీని కౌగిలించుకుని కిందికి జారిపోయాయి. చ్యూట్‌లోకి ఒక్కటీ దూకలేదు.

'మావయ్యా, అన్నిటినీ 150తో భాగించావు. భూమి లాగే శక్తిని భాగించావా?' అంది మేనకోడలు.

నోరు మూతపడింది. గింజ పుల్లీ దాటి గాలిలోకి వెళ్ళేటప్పుడు దాన్ని కిందికి లాగేది గురుత్వాకర్షణ. అది మా మేడ మీద కూడా అంతే ఉంటుంది. అందుకని వేగాన్ని స్కేలుతో కాదు, స్కేలు వర్గమూలంతో భాగించాలి. 150 వర్గమూలం పన్నెండుంబావు. సెకనుకు 20 సెంటీమీటర్లు, నిమిషానికి 130 చుట్లు. ఓడల నమూనాలను నీళ్ళ తొట్లలో లాగి పరీక్షించేవాళ్ళు నూరేళ్ళకు పైగా పాటిస్తున్న నియమం ఇది. నాకూ తెలుసు. తెలిసింది సమయానికి గుర్తుకు రావడం వేరే విద్య.

కాలం కూడా అదే వర్గమూలం ప్రకారం కుదించుకుపోతుంది కాబట్టి పదిహేడున్నర గంటల లోడింగు ఇక్కడ 86 నిమిషాలు. కొత్త మోటార్లు 150 చుట్లవి, వేగం తగ్గించుకునే రెగ్యులేటర్‌తో. పాత మూడింటిలో ఒకటి స్టాకర్ (యార్డులో కుప్ప పోసే యంత్రం) నడపడానికి పనికొస్తుంది. మిగతా రెండు మా ఆవిడ చూడకుండా అటక మీద పెట్టాను.

ఆగస్టు 24

ఖనిజం ఏదీ?

వంటింటి సామాన్లన్నీ పరీక్షించాను. ఆవాలు గుండ్రంగా ఉండి దొర్లిపోతాయి, కుప్ప నిలవదు. రాగులు కొంచెం నయం. బొంబాయి రవ్వ వాలు బాగుంది కానీ తేలిక. రాగిపిండి తొట్టిలో గుహ కట్టుకుని కూర్చుంది. కింద రంధ్రం తెరిచినా పైన కప్పు అలాగే నిలిచింది. గరిటతో తడితే ధబ్బున పడింది. ఇది పిండి తప్పు కాదు. మెత్తని పదార్థం ఏదైనా తడి తగిలితే ఇలాగే వంతెన కట్టుకుంటుంది. 'పోపు పెట్టడానికి ఆవాలు లేవు, రేవులో ఉన్నాయట' అని మా ఆవిడ ఫోనులో వాళ్ళ అక్కతో చెబుతుంటే విన్నాను.

భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బల మట్టి రంగు అచ్చం ఖనిజంలా ఉంటుంది. తీరంలోని నల్ల ఇసుక బరువు కూడా. రెండింటి జోలికీ పోలేదు. అవి తవ్వుకోవడానికి లేనివి, బొమ్మ కోసమైనా సరే.

చివరికి ఆటోనగర్‌లో ఇనుప వస్తువుల తుప్పు వదిలించడానికి వాడి పారేసే ఉక్కు రవ్వ బస్తాడు తెచ్చాను. సన్న ఇసుకలో కలుపుతూ, లీటరు డబ్బా నింపి తూస్తూ, మళ్ళీ కలుపుతూ పోయాను. 2 కిలోల 380 గ్రాములు వచ్చాక ఆపాను. వాలు 36 డిగ్రీలు. ఇంతకన్నా దగ్గరగా దేవుడు కూడా కలపలేడు.

సెప్టెంబరు 7

స్టాకర్ కుప్ప పోసింది. దాన్ని నిలువునా రేకుతో కోసి చూస్తే లావు రవ్వంతా అడుగు అంచులకు దొర్లి, సన్న ఇసుక నడుమ మిగిలింది. గనుల్లో, యార్డుల్లో జరిగేది ఇదే. ఒకే కుప్పలో ఒక మూల మంచి సరుకు, ఒక మూల నాసిరకం.

మా బావమరిది ఇరవై ఏళ్ళు రిక్లెయిమర్ (కుప్ప నుంచి సరుకు తీసే యంత్రం) క్యాబిన్‌లో కూర్చున్నవాడు. చూడటానికి వచ్చి, 'బావగారూ, ఒకే చోట నిలబడి పోస్తే అంతే. స్టాకర్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తూ పొర మీద పొర వేయాలి. తీసేటప్పుడు అడ్డంగా కోయాలి. అప్పుడు ప్రతి కోతలోనూ అన్ని పొరలూ వస్తాయి' అన్నాడు. పూతరేకులు మడిచినట్టు పరిచి, కేకు కోసినట్టు తీయడం. పాత 10 చుట్ల మోటారు స్టాకర్‌ను అటూ ఇటూ నడపడానికి సరిగ్గా సరిపోయింది. దండగ కాలేదని మా ఆవిడకు చూపించాను. మిగతా రెండూ ఏవని అడిగింది.

ఏటవాలు బెల్టు గురించి ఒక మాట. బల్ల చాలక 22 డిగ్రీలు పెట్టాను. ఉక్కు రవ్వ వెనక్కి దొర్లింది. 15కి దించితే నిలిచింది. 15 మీటర్లు ఎక్కించడానికి 56 మీటర్ల నేల కావాలి. రేవుల్లో ఆ పొడవాటి ఏటవాలు గ్యాలరీలు అందుకే.

సెప్టెంబరు 21

ఈ రెండు వారాలూ ఒక్క చ్యూట్ మీదే పోయాయి. రాయక తప్పదు, ఈ ప్రాజెక్టు మొత్తానికీ నాకు కావలసింది ఇక్కడే ఉంది.

రెండు బెల్టులు కలిసే చోటును సైటులో జంక్షన్ హౌస్ అంటారు. పై బెల్టు చివర నుంచి ఖనిజం దూకి, రేకు గొట్టంలో జారి, కింద లంబకోణంలో వెళ్ళే బెల్టు మీద పడాలి. డ్రాయింగులో దీనికి ఒక బాణం గుర్తు చాలు. ఆ బాణాలు నేను కొన్ని వందలు వేసి ఉంటాను.

బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి 50 డిగ్రీల వాలుతో మొదటి చ్యూట్ చేశాను. పొడి సరుకు పోయింది. కానీ కింది బెల్టు మీద కుడి పక్కనే పడేది. పై బెల్టు వేగం దానికి ఇంకా గుర్తుంది. ఒక పక్క బరువు పడేసరికి బెల్టు ఎడమకు పాకి, అంచు ఫ్రేముకు రాసుకుని దారాలు లేచాయి. ఎన్ని పుల్లీలు సర్దినా లాభం లేదు. జబ్బు పుల్లీలో లేదు, పై అంతస్తులో ఉంది.

రెండో చ్యూట్‌లో నాకు ఇష్టమైన పాత ఉపాయం వాడాను. గొట్టం లోపల అరుగు లాంటి మెట్టు పెడితే దాని మీద కొంత ఖనిజం నిలిచిపోతుంది. వచ్చే సరుకు రేకును కాక ఆ నిలిచిన సరుకునే కొట్టుకుంటుంది. రాయి రాయి మీదే అరిగి, రేకు బతుకుతుంది. పెద్ద రాళ్ళకు దీన్ని మించింది లేదు. నా సరుకు మెత్తన. వైజాగ్ సెప్టెంబరు గాలికి ఆరబెట్టిన అప్పడం కూడా గంటలో మెత్తబడుతుంది. ఎనిమిది శాతం నీళ్ళు కలిపి వదిలాను. మెట్టు మీద నిలిచింది పెరిగి, ఎదుటి గోడకు అంటుకుంది. మూడు నిమిషాల్లో గొట్టం పూడిపోయింది. స్క్రూడ్రైవరుతో పొడిచి విడదీయాల్సి వచ్చింది.

పొడుస్తూ ఉంటే పాత సంగతి గుర్తుకొచ్చింది. ఏ సైటో రాయను. నేను గీసిన చ్యూట్ ఒకటి వానాకాలంలో రోజుకు రెండుసార్లు పూడుకునేది. అక్కడి మేస్త్రీ ఫోను చేసి 'సార్, మీరు ఒకసారి వచ్చి గడ్డపార పట్టుకుంటే బాగుంటుంది' అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. తడి సరుకు వాడారు, నా తప్పేముంది అని జవాబు రాయించాను. ఇప్పుడు ఈ అరచేతి గొట్టంలో స్క్రూడ్రైవరు తిప్పుతుంటే ఆ మేస్త్రీ చెప్పింది అక్షరాలా నిజమని తెలిసింది. వానలు పడే ఊళ్ళో తడి సరుకు రాదనుకుని గీయడమే తప్పు.

మూడోది మెట్టు లేనిది. పైన బోర్లించిన దోసిలి, కింద గరిట. దూకుతున్న సరుకును దోసిలి మెల్లగా కిందికి మళ్ళిస్తుంది. గరిట దాన్ని కింది బెల్టు వెళ్ళే దిక్కుకే, దాదాపు దాని వేగంతోనే ఒలికిస్తుంది. ఎక్కడా ఢీకొట్టుకోదు, ఎక్కడా ఆగదు. గోడల వాలు 65 డిగ్రీలు. రేకు వంపు కోసం స్టీలు గరిట ఒకటి నిజంగానే కోశాను (ఇదీ తెలిసింది, దాచలేకపోయాను). ఎనిమిది శాతం తడితో అరగంట నడిచింది. సరుకు బెల్టు నడుమ పడింది. దుమ్ము కూడా సగానికి తగ్గింది. ఢీకొనడం వల్లే దుమ్ము లేస్తుంది కదా.

ఆ సంతోషంలోనే మేనకోడలు చేతిలో ఉన్న స్విచ్చు నొక్కింది. ఆపాల్సింది పై బెల్టు, ఆపింది కిందిది. పై బెల్టు ధర్మంగా పోస్తూనే ఉంది. నేను కేకవేసేలోపు రెండు కిలోలు బల్ల మీద. దాంతో వరస మార్చింది. మొదలుపెట్టేటప్పుడు ఓడ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటి, ఆపేటప్పుడు వ్యాగన్ల వైపు నుంచి ముందుకు. మధ్యలో ఏది ఆగినా దాని వెనక ఉన్నవన్నీ తక్షణం ఆగాలి. రిలేలతో ఆ పని ఒక్క సాయంత్రంలో ముగించింది. నేను మాత్రం ఊడుస్తూ కూర్చున్నాను.

అక్టోబరు 5

తడి మాట వచ్చింది కాబట్టి డబ్బా పరీక్ష.

ఓడల వాళ్ళ దగ్గర ఒక తేలికైన పరీక్ష ఉంది. అర లీటరు నుంచి లీటరు పట్టే డబ్బాలో సగం దాకా సరుకు పోసి, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద టక్కున కొట్టాలి. ఒకటి రెండు సెకన్లకు ఒకసారి చొప్పున 25 సార్లు. తర్వాత పైన నీరు చెమ్మగిల్లినా, సరుకు బురదలా కదిలినా లోడింగు ఆపి ప్రయోగశాలకు పంపాలి. ప్రయోగశాలలో సరుకు పారడం మొదలుపెట్టే తడిని కొలిచి, అందులో 90 శాతాన్ని మాత్రమే ఓడకు అనుమతించదగిన హద్దుగా తీసుకుంటారు.

బోర్నవిటా డబ్బా, మేడ గచ్చు. ఆరు శాతం తడి: 25 దెబ్బల తర్వాత కూడా పైన మెరుపు లేకుండానే ఉంది. ఎనిమిది శాతం: కొంచెం మెరుపు. పది శాతం: పద్దెనిమిదో దెబ్బకు నీరు పైకి వచ్చి, డబ్బా వంచితే ముద్ద మొత్తం పక్కకు జారింది. అప్పటిదాకా వేలు గుచ్చితే దిగని ముద్ద అది. నా మిశ్రమానికి వచ్చిన అంకెలివి, నిజం ఖనిజానికి దాని లెక్క దానిదే.

బావమరిది ఆ డబ్బాను చేతిలో తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. అలల తాకిడి ఈ దెబ్బల్లాంటిదే. హోల్డులో గట్టిగా కనబడే ఖనిజం సముద్రం మధ్యలో ద్రవమై ఒక పక్కకు ఒరుగుతుంది, ఓడ తేరుకోలేదు. 2009లో మన దేశ తీరం నుంచే మెత్తని పొడి రూపంలోని ఇనుప ఖనిజంతో బయలుదేరిన ఏషియన్ ఫారెస్ట్, బ్లాక్ రోజ్ ఓడలు రెండు నెలల తేడాలో మునిగాయి. రెండూ వానాకాలంలోనే. 2015 జనవరి 2న బల్క్ జూపిటర్ అనే ఓడ బాక్సైట్‌తో మునిగితే 19 మందిలో ఒక్కరే బతికారు.

యార్డు డిజైన్‌లో నేల వాలు, మురుగు కాలువలు ఎప్పుడూ చివర గీసేవాళ్ళం. ఈ రోజు నా బల్ల మీద కుప్ప కింద రెండు శాతం వాలు పెట్టి, అంచున కాలువ కోశాను. ముందే చేయాల్సింది. ప్లైవుడ్ అప్పటికే ఉబ్బింది.

అక్టోబరు 12

పదకొండేళ్ళ క్రితం ఇదే తేదీన హుద్‌హుద్ వచ్చింది. అప్పుడూ ఆదివారమే. ఈ మేడ మీది నీళ్ళ ట్యాంకు పక్క వీధిలో దొరికింది.

ఆ గుర్తుతో ఈ రోజు గాలి పరీక్ష. షిప్‌లోడర్ (ఓడలోకి సరుకు పోసే యంత్రం), స్టాకర్ లాంటివి పట్టాల మీద నడిచే యంత్రాలు. సాధారణంగా గంటకు 72 కిలోమీటర్ల గాలి దాకా పనిచేయించి, దాటితే ఆపేస్తారు. గాలి వేగం రెండున్నర రెట్లయితే అది తోసే బలం ఆరుంబావు రెట్లు. అంటే 180 కిలోమీటర్ల గాలిలో బ్రేకుల మీద నమ్మకం పెట్టుకుంటే యంత్రం పట్టాల చివరిదాకా పరుగు తీసి పడిపోతుంది. అందుకని తుపాను హెచ్చరిక రాగానే దాన్ని నిర్ణీత స్థలానికి నడిపి, నేలలోని గుంటలోకి లావాటి ఇనుప మేకు దించి, పక్కల నుంచి పైకి లేవకుండా కట్టేస్తారు.

నా షిప్‌లోడర్‌కు బ్రేకు మాత్రమే ఉంచి పెడస్టల్ ఫ్యాను మూడో నంబరులో పెట్టాను. రెండు చేతుల దూరం పోయి బల్ల దిగి పడింది. బూమ్ విరిగింది. పరీక్ష ఫలించిందని నేను, మళ్ళీ అతికించేది ఎవరని మేనకోడలు. ఫెవిక్విక్ ఆరాక మేకు గుంటలు నాలుగు తవ్వాను.

గాలితో పాటు దుమ్ము. మా అమ్మ పుట్టిల్లు పాతనగరంలో. అక్కడ తెల్లవారి గడప కడిగితే సాయంత్రానికి వేలితో పేరు రాయగలిగేంత పొర పేరుకునేది. కుప్ప మీద అద్దకం పనివాళ్ళ స్ప్రేతో మంచులా నీళ్ళు కొడితే దుమ్ము అణిగింది. ఎక్కువ కొడితే డబ్బా పరీక్ష గుర్తుకొచ్చింది. నీళ్ళు చల్లమని ఊరు అడుగుతుంది, చల్లవద్దని ఓడ అడుగుతుంది. ఇద్దరిదీ న్యాయమే. బెల్టులకు కప్పు, చ్యూట్ నోటికి రబ్బరు లంగాలు, ఇలా నీళ్ళు అక్కర లేని చోట్లన్నీ మూశాను.

అక్టోబరు 26

ఓడ. పీవీసీ ఫోమ్ బోర్డుతో కట్టాను, ఏడు హోల్డులు. జీఐ రేకు తొట్టెలో కుళాయి నీళ్ళు. మామూలు ఓడల బొమ్మలన్నీ ఒకే ముక్క. నేను హోల్డుల మధ్య రెండు చోట్ల కోసి, సైకిల్ ట్యూబు ముక్కలతో నీరు చొరకుండా అతికించాను. ఎందుకో లోడింగు మొదలయ్యాక తెలిసింది.

ఉద్దేశపూర్వకంగా తప్పు వరసలో పోశాను. ముందు నడుమ హోల్డుల్లో నింపేస్తే నడుము దిగి రెండు కొసలూ లేచాయి, ఉట్టి తాడులా. ఖాళీ చేసి, ముందూ వెనకా హోల్డులు నింపితే నడుము పైకి వంగింది. ట్యూబు ఒక చోట తెల్లగా సాగింది. నిజం ఓడలో అక్కడ సాగేది ఉక్కు. అందుకే ఓడ అధికారి ఏ హోల్డులో, ఏ వరసలో, ఎన్ని టన్నులో ముందే రాసి టెర్మినల్ వాళ్ళకు ఇస్తాడు. ప్రతి హోల్డునూ ఒకే విడతలో నింపరు. సగం పోసి, ఇంకో చోటికి వెళ్ళి, మళ్ళీ వస్తారు. ఇనుప ఖనిజం బరువెక్కువ కాబట్టి కొన్ని ఓడల్లో హోల్డు విడిచి హోల్డు నింపుతారు. అలా నింపడానికి తగినట్టు కట్టిన ఓడల్లోనే సుమా.

షిప్‌లోడర్ బూమ్ ఎత్తు మళ్ళీ పెంచాను. ఖాళీ ఓడ పోటు వేళ ఎంత ఎత్తున నిలుస్తుందో అది నా మొదటి డ్రాయింగులో లేదు.

నవంబరు 9

మొదటి పూర్తి లోడింగు. ఉదయం 10 గంటల 5 నిమిషాలకు టిప్లర్‌లో (వ్యాగన్లను బోర్లించే యంత్రం) మొదటి వ్యాగను బోర్లపడింది. బెల్టు వెడల్పు పెంచాను కదా, అందుకని సరుకు పలచగా వదిలి అదే 86 నిమిషాలు పట్టేలా చూసుకున్నాం. రెండుసార్లు ఆగింది. ఒకటి నాడా దారం పుల్లీకి చుట్టుకుని, రెండోది మా ఆవిడ టిఫిను తెచ్చి బల్ల మీద పెట్టబోయి. పన్నెండింటికి పది నిమిషాలు తక్కువ ఉండగా ముగిసింది.

టిప్లర్ కింది తొట్టిలో పోసింది తూచి పెట్టాం: 20.7 కిలోలు. ఇప్పుడు ఓడ ఏమంటుంది? నీటి గీత దగ్గర ఓడ వైశాల్యాన్ని బట్టి మిల్లీమీటరు దిగితే 280 గ్రాములు ఎక్కినట్టు. ముందు, నడుమ, వెనక, రెండు పక్కలా కొలిచి సగటు తీశాం. 72 మిల్లీమీటర్లు. అంటే 20 కిలోల 160 గ్రాములు. తొట్టెలో కుళాయి నీళ్ళే కాబట్టి సాంద్రత సవరణ అక్కర లేదు. సముద్రంలో అయితే అదొక లెక్క.

540 గ్రాములు ఎక్కడో మిగిలింది. రేవుల్లో తూకం మీద వచ్చే తగవులు ఇంత స్పష్టంగా ఎప్పుడూ అర్థం కాలేదు.

మేనకోడలు బ్యాటరీ లైటు పట్టుకుని బల్ల కిందికి దూరింది. మూడు బెల్టుల తిరుగు దారి కింద సన్నని చాళ్ళు, నూకలా. పుల్లీ దాటినా నాడాకు అంటుకునే ఉండి, వెనక్కి వెళ్తూ దారిపొడవునా రాల్చుకున్నది. కుంచెతో ఊడ్చి తూస్తే 340. గరిట చ్యూట్ మూలలో, నేను ఆగదని ప్రమాణం చేసిన చోటే, 120. మిగతా 80 కొలతలో తేడా అయి ఉంటుంది. అర మిల్లీమీటరు కూడా కాదు అది.

'బావగారూ, బెల్టుకు అంటినదాన్ని గీకే స్క్రేపర్ ఒకటే పెట్టారు. తడి సరుకుకు రెండు కావాలి' అన్నాడు బావమరిది, అక్కడే ఇడ్లీ తింటూ.

రెండోదానికి పాత హవాయి చెప్పు రబ్బరు కోసి పెట్టుకున్నాను. చ్యూట్ మూల గుండ్రంగా తిప్పడానికి ఇంకో గరిట కావాలి. ఈసారి కొనే తెస్తాను.